కంటద్దములు, కాంటాక్టు లెన్సులు, లేజరు చికిత్స: మన ఇండ్లలో ఎంపిక

(ఆరణిలో జరిగిన తెలుగు కుటుంబముల మాసాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు కంటి విషయమై మాటలాడుమని కోరినప్పుడు, వైద్యుని విడిచి వస్త్రవ్యాపారిని పిలుచుట యేమని అడిగితిని. "వైద్యుడు కంటి సంగతి చెప్పును, మీరు మన ఇండ్ల సంగతి చెప్పుడు" అని వారు బదులిచ్చిరి. నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కావున వైద్యులను అడిగి తెలిసికొన్నంత మేరకు, అంగడివాని అలవాటు చొప్పున లెక్కకట్టి చెప్పెదను.

ముందు ఇండ్ల సంగతి. గత సంవత్సరము నేను మధ్యవర్తిగా నున్న ఒక సంబంధమున పెండ్లిచూపులు చక్కగా జరిగినవి. జాతకములు కుదిరినవి. వరుని పక్షమువారు బయలుదేరునప్పుడు నన్ను గుమ్మము నొద్దకు పిలిచి, "అంతయు బాగున్నది అన్నగారూ, అమ్మాయికి ఆ అద్దములు మాత్రము తీయించుడు. ఇప్పుడు లేజరు వచ్చినది గదా, పది నిమిషముల పని" అనిరి. అమ్మాయి బి.కాం. చదివినది. పన్నెండవ యేటినుండి అద్దములు పెట్టుకొనుచున్నది. నంబరు మైనస్ ఏడు. తండ్రి అప్పుచేసి చెన్నపట్టణము తీసికొనిపోయెను. పరీక్షించిన వైద్యురాలు ఈ కంటికి లేజరు తగదని చెప్పి పంపివేసెను. ఆ మాట విని వరుని వారు, కంటిలో ఏదో దాచిన జబ్బున్నదని తలచి సంబంధము మానుకొనిరి. జబ్బేమియు లేదు. కంటి ముందరి పొర కొంచెము పలుచన, అంతియే. ఆ అమ్మాయి నేడు అద్దములతోనే ఒక బ్యాంకులో పనిచేయుచున్నది.

ఇట్టి మాట మన కుటుంబములలో మరల వినబడుచున్నది గనుక ఈ ప్రసంగము.

కంటి నల్లగ్రుడ్డుకు ముందు, గడియారమునకు అద్దమువలె, ఒక స్వచ్ఛమైన పొర గలదు. దానిని కార్నియా అందురు. వెలుతురును వంచుటలో మూడింట రెండు వంతుల పని దానిదే, తక్కినది లోపలి కటకముది. వంగిన వెలుతురు వెనుకనున్న రెటీనాపై సరిగా చేరినచో చూపు స్పష్టము. గ్రుడ్డు ఒక్క మిల్లీమీటరు అధికముగా పొడవు పెరిగినచో వెలుతురు ముందే కేంద్రీకరించును, సుమారు మైనస్ మూడు నంబరు వచ్చును. ఇదియే హ్రస్వదృష్టి. అద్దములు గాని, లెన్సులు గాని, లేజరు గాని చేయునది ఒక్కటే: వెలుతురు వంపును మార్చుట. పొడవైన గ్రుడ్డును ఇవి ఏవియు పొట్టిచేయవు. ఎక్కువ నంబరు గలవారికి సాగిన రెటీనా చినుగు ప్రమాదము లేజరు తరువాతను అట్లే యుండును. ఏటేట దానిని చూపించుకొనవలసినదే. తల్లిదండ్రుల హ్రస్వదృష్టి పిల్లలకు సంక్రమించు అవకాశమును లేజరు తగ్గింపదు. అట్లయినచో వధువు అద్దములు తీయించి వరుని వారు సాధించునదేమి? పెండ్లి ఫోటో మారును.

అద్దముల విషయము అందరికిని తెలిసినదే గనుక త్వరగా ముగించెదను. మా తాతగారు వీనిని సులోచనములనెడివారు, మన పిల్లలు ఇరుగుపొరుగు మాట విని "కన్నాడి" అనుచున్నారు. పేరేదైనను, కంటిని తాకనిది ఇది యొక్కటే. నంబరు మారిన మార్చుకొనవచ్చును, సరిపడకున్న తీసివేయవచ్చును. అద్దము పెట్టుకొన్నందున నంబరు పెరుగునను భయము నిరాధారము. ఆ భయముతో పిల్లలకు అద్దములు పెట్టని తల్లులు, బిడ్డ నల్లబల్ల చూడలేక చదువులో వెనుకబడుటను గమనింపకున్నారు. ఆకుకూరలు, క్యారెట్లు ఒంటికి మంచివి, నంబరును మాత్రము తీయవు. పిల్లలు పగటి వెలుతురులో ఆరుబయట ఆడుకొనినచో హ్రస్వదృష్టి మొదలగుట తగ్గునని మాత్రము పలుదేశముల పరిశోధకులు ఒప్పుకొనిరి. సెల్‌ఫోను ఇచ్చి మూలకు కూర్చుండబెట్టువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక. ఎక్కువ నంబరు అద్దములు బరువు, అంచులలో చూపు వంకర, చెమటకు జారును. ఈ ఇబ్బందులు నిజమే, కాదనను.

ఇక కాంటాక్టు లెన్సులు. మెత్తని లెన్సును సాధించినవాడు ప్రాగ్ నగరపు రసాయన శాస్త్రజ్ఞుడు ఒట్టో విక్టర్లే. 1961 క్రిస్మస్ దినములలో ఆయన ఇంటి బల్లమీద, పిల్లల ఆటసామానుతో యంత్రము కూర్చి, సైకిలు డైనమోతో దానిని త్రిప్పి, నీటిని పీల్చుకొను పదార్థముతో మొదటి లెన్సులను పోసెను. అంత చిన్న ఆరంభము! నేడు కోట్లమంది కన్నులలో అవి యున్నవి.

లెన్సు గుణమేమనగా చూపు అంచులవరకు సమముగా నుండును, ముఖమున ఏమియు కనబడదు. రెండు కన్నుల నంబర్లలో చాల భేదమున్నవారికి అద్దముకన్న ఇదియే మేలు. కార్నియా శంకువువలె ముందుకు ఉబ్బు కెరటోకోనస్ అను వ్యాధి గలవారికి గట్టి లెన్సు అలంకారము కాదు, చికిత్స. ఆ వ్యాధికి కన్నులు నలుపుకొను అలవాటు తోడ్పడును. దురదకు పిడికిళ్ళతో కన్నులు నులుముకొను పిల్లలను వారింపుడు.

కాని లెన్సు బద్ధకస్థులది కాదు. కార్నియాకు రక్తనాళములు లేవు, ప్రాణవాయువును గాలినుండియే గ్రహించును. లెన్సుతో నిద్రించినచో రెప్పయు లెన్సును కలిసి ఆ గాలిని అడ్డగించును. లెన్సుతో నిద్రించువారికి కార్నియా పుండుపడు ప్రమాదము ఎన్నో రెట్లధికము. బోరునీటితో గాని, కుళాయినీటితో గాని లెన్సు కడుగరాదు. నీటిలో నుండు అకాంతమీబా అను సూక్ష్మజీవి కంటిలో చేరినచో నెలల తరబడి బాధ, ఒక్కొకప్పుడు చూపే పోవును. లెన్సుతో నదిలో, చెరువులో, కోనేటిలో మునుగరాదు. పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పము వైపు మగ్గములపై పనిచేయు మన బంధువులకు నూలుపొట్టు ఎగురు చోట లెన్సు చిక్కు తెచ్చును. అట్టివారికి అద్దములే రక్ష. కాటుక లెన్సు పెట్టిన తరువాతనే దిద్దవలెను. కన్ను ఎర్రబడిన వెంటనే లెన్సు తీసి వైద్యునియొద్దకు పోవలెను గాని, "మద్రాసు కన్ను" వచ్చినదని ఇంటి చుక్కలు వేసికొని కూర్చుండరాదు.

లేజరు కథలో మన పొరుగువారి పాత్ర యొకటి కలదు. రంగస్వామి శ్రీనివాసన్ అను శాస్త్రజ్ఞుడు మద్రాసు విశ్వవిద్యాలయమున చదివి అమెరికాకు పోయినవారు. 1981 నవంబరు 27న ఐ.బి.ఎం. పరిశోధనశాలకు ఆయన ముందునాటి పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను తెచ్చి, ఎక్సైమర్ లేజరు అను అతినీలలోహిత కిరణముతో చెక్కి చూచెను. చుట్టుప్రక్కల కాలకుండ, మాడకుండ, వెంట్రుకకన్న సన్నని గాడి పడెను. ఆయనయు, సహచరులు జేమ్స్ వైన్, శామ్యూల్ బ్లూమ్‌లును కనుగొన్న ఆ గుణమే కంటి చికిత్సకు పునాది. 1980ల చివర మనుష్యుల కన్నులపై దీనిని ప్రయోగించిరి.

ఇప్పుడు నా అంగడి లెక్క. కార్నియా మందము సగటున 540 మైక్రానులు, అనగా అర మిల్లీమీటరుకు కొంచెమెక్కువ. లాసిక్ అను పద్ధతిలో పైనుండి సుమారు 110 మైక్రానుల మందమున ఒక మూతవంటి పొరను కోసి ఎత్తి, క్రింది భాగమును లేజరుతో చెక్కి, మూతను మరల పరచెదరు. ఒక్కొక్క నంబరుకు చెక్కవలసినది 12 మొదలు 15 మైక్రానులు. 14 అనుకొందము. మైనస్ ఐదు గలవానికి 70 పోవును. 540లో 110, 70 తీసివేయగా 360 మిగిలినది. క్రింద కనీసము 250 మిగులవలెనని నియమము, జాగరూకులైన వైద్యులు 300 కోరెదరు. కావున వానికి మందము విషయమున అడ్డు లేదు. మనము చెప్పుకొన్న అమ్మాయి కార్నియా 470, నంబరు ఏడు. 110 మూతకు, 98 చెక్కుటకు పోగా మిగులునది 262. వైద్యురాలు వలదన్నది ఇందుకే. అంతకు పలుచనైన కార్నియా కాలక్రమమున లోపలి ఒత్తిడికి ఉబ్బవచ్చును. అసలును తిని లాభము చూపు వ్యాపారమును మనలో ఎవరు మెచ్చుకొందురు? కాదని పంపిన ఆసుపత్రి మంచిదనుటకు అదియే గుర్తు. పైసా తీసికొని సరేయని యుండినచో ఏమయ్యెడిది?

మందమొక్కటే చాలదు. కార్నియా ఉపరితలపు పటమును యంత్రముతో తీయవలెను. పదునెనిమిది నిండి, నంబరు ఒక సంవత్సరమైనను నిలకడగా నుండవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఆగవలెను. కెరటోకోనస్ గలవారికి, కన్ను మిక్కిలి పొడిబారువారికి, అదుపులేని మధుమేహము గలవారికి తగదు. లెన్సులు వాడువారు పరీక్షకు ముందు వైద్యుడు చెప్పినన్ని దినములు వానిని మానవలెను, లేనిచో కొలత తప్పును. మూత కోయక పైపొరను తొలగించి చెక్కు పద్ధతియు, చిన్నకోతద్వారా లోపలి పలుకును తీసివేయు స్మైల్ అను పద్ధతియు గలవు. ఎక్కువ నంబరువారికి కంటి లోపల లెన్సు అమర్చుటయు గలదు. వీనిలో ఏది తగునో పటము చూచి వైద్యుడే నిర్ణయించును. తగినవారికి లేజరు మిక్కిలి మంచి ఫలితమునే ఇచ్చును. చికిత్స చేయించుకొని సంతోషముగా నున్నవారిని నేనెరుగుదును. కొన్ని నెలలు కన్ను పొడిబారుట, రాత్రి దీపముల చుట్టు వలయములు కనబడుట సాధారణము. ఖర్చు పదుల వేలనుండి లక్ష దాటువరకు. పెండ్లికి పదిదినముల ముందు మాత్రము ఎవరును చేయించుకొనరాదు. పసుపు, హోమధూమము, నిద్రలేమి కలిసి మానుచున్న కంటిని బాధించును.

యువకులకు వేరుగా చెప్పవలసినది రైల్వే సంగతి. అరక్కోణము ప్రక్కనే యున్నందున మన పిల్లలు అనేకులు అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు చదువుచున్నారు. ఆ ఉద్యోగమునకు అద్దములు లేకుండ పూర్తి చూపు కావలెను. అట్లని లేజరు చేయించుకొన్నవారును అనర్హులని రైల్వే నియామక ప్రకటనలే చెప్పుచున్నవి. అద్దములు తీయించుకొన్న ఉద్యోగము వచ్చునని అప్పుచేసి చికిత్సకు పోవువాడు డబ్బును, ఉద్యోగమును రెంటిని పోగొట్టుకొనును. సైన్యపు శాఖలు కొన్ని షరతులతో అంగీకరించును. ఏ ఉద్యోగమునకైనను నియమావళిని ముందు చదివి పిదప ఆసుపత్రికి పొండు.

నా వయస్సువారికి ఒక మాట. నలుబదికి వచ్చునది గనుక మన పెద్దలు చత్వారమనిరి. లోపలి కటకము బిరుసెక్కి దగ్గరి అక్షరము ఆనకపోవుట అది. ఇరువదియైదవ యేట చేసిన లేజరు దానిని ఆపదు. మైనస్ రెండో మూడో గలవాడు నలుబదియైదున అద్దము తీసి పత్రిక చదువగలడు. లేజరు చేయించుకొన్నవాడు ఆ సౌకర్యమును వదలుకొని, చదువుటకు అద్దము తెచ్చుకొనవలెను. నేనును ఇప్పుడు బిల్లు వ్రాయుటకు అద్దము పెట్టుకొనుచున్నాను. నన్నెవరును సంబంధము అడుగరు గనుక ఇబ్బంది లేదు.

ఎక్కడికి పోవలెనని అడుగుదురు. 1819లో స్థాపించిన ఎగ్మూరు ప్రభుత్వ నేత్రవైద్యశాల మనకు బస్సు దూరమున నున్నది. 1978లో డాక్టరు బద్రీనాథ్ స్థాపించిన శంకర నేత్రాలయము చెన్నపట్టణముననే యున్నది. హైదరాబాదున బంధువులున్నవారు, మన తెలుగు చలనచిత్ర దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారి పేర 1987లో వెలసిన నేత్ర సంస్థకు పోవచ్చును. ఎక్కడికి పోయినను మూడు ప్రశ్నలడుగుడు: నా కార్నియా మందమెంత, పటము సక్రమముగా నున్నదా, చికిత్స పిమ్మట క్రింద ఎంత మిగులును?

లేజరు చేయించుకొన్నవారు, చికిత్సకు ముందరి నంబరు, కార్నియా కొలతలు గల కాగితమును ఇంటి దస్తావేజుల పెట్టెలో భద్రపరుపుడు. ముప్పది యేండ్ల తరువాత శుక్లము వచ్చి లోపల కటకము మార్చవలసినప్పుడు, దాని నంబరు నిర్ణయించుటకు వైద్యుడు ఆ కాగితమునే అడుగును.