పురిటిబిడ్డ పాలు మానితే



తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన కాలనీల నుంచి ఇంతమంది వచ్చారు. మన పాటల గురించి పెద్దలు చెప్పారు. మేము నెల నిండని బిడ్డల గురించి చెబుతాము. రేపో మాపో తల్లిదండ్రులయ్యేది మీరే, ఇంట్లో ఫోను ఉండేదీ మీ చేతిలోనే.

మెదడు చుట్టూ ఉండే పొరలకు బాక్టీరియా సోకి వాచితే మెనింజైటిస్ అంటారు. దోమకాటుతో వచ్చే మెదడువాపు వేరు. పెద్దవాళ్లకు మెడ బిగుసుకుంటుంది. పురిటిబిడ్డలో తరచు అది కనిపించదు. పాలు తాగదు, మత్తుగా పడి ఉంటుంది, ఒళ్లు కాలుతుంది లేదా చల్లబడుతుంది, కీచుమని ఏడుస్తుంది. ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి, మాడు ఉబ్బుతుంది. ఒళ్లు చల్లబడటమూ ప్రమాదమేనని మా తరానికి తెలియదు. దిష్టి అనుకున్నాం, పక్షిదోషం అనుకున్నాం, పొట్ట మీద వాతలు పెట్టించాం. అలా ఆలస్యమైన మా పేట బిడ్డ ఒకతె బతికింది గాని, చెవులు వినపడవు. ఇప్పుడు మీ ఈడుదే.

వెన్నులోంచి నీరు తీస్తామంటే నడుం పడిపోతుందని బిడ్డను ఎత్తుకొచ్చేసినవాళ్లు మనలో ఉన్నారు. ఆ సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటుకి కింద. ఆ నీరు పరీక్షిస్తేనే జబ్బు ఖాయంగా తేలేది. మందు నరం ద్వారా రెండు మూడు వారాలు ఎక్కాలి. కూలి పోతోందన్న మాట నిజమే, మాకు తెలియనిది కాదు. అయినా జ్వరం తగ్గిందని అయిదో రోజున తెచ్చేస్తే జబ్బు తిరగబెడుతుంది.

ప్రాణహిత అవతల, గోండులు, మాడియాలు ఉండే గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి బాలింతల ఇళ్లకు పంపారు. జబ్బు గుర్తుపట్టి సూదిమందు వేసింది కూడా వాళ్లే. పోల్చి చూసిన ఊళ్ల కంటే ఆ 39 ఊళ్లలో పురిటిబిడ్డల చావులు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మన ఇళ్లకు వచ్చే ఏర్పాటు వెనుక ఆ అనుభవమే ఉంది. ఆమె రాకపోతే మీరే పిలవండి.

బొడ్డుకు బూడిద, పసుపు, ఆముదం పెట్టనివ్వకండి. అమ్మమ్మ కోప్పడినా సరే. 6, 10, 14 వారాల పెంటావలెంట్ టీకాలు తప్పనివ్వకండి. హిబ్ అనే క్రిమి తెచ్చే మెనింజైటిస్‌ను అవి ఆపుతాయి. బిడ్డ పాలు మానితే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోను చేయండి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో పురిటిబిడ్డకు పరీక్షలు, మందులు, రాకపోకలు ఉచితం. డబ్బు అడిగితే ఈ పథకం పేరు చెప్పండి, మాకూ కబురు చేయండి, ఏ వేళయినా వస్తాము.