ఉచితంగా ఇచ్చిన పనిముట్టుకు పూచీ ఎవరిది?

సభాధ్యక్ష పదవి ఇచ్చినప్పుడు నాకంత అర్హత లేదనడం మన ఆచారం. ఆ మాట అన్నాక గంటసేపు మాట్లాడటం కూడా ఆచారమే. మొదటిది వదిలేస్తాను, రెండోదాన్ని తగ్గిస్తాను.

విషయం నా ఇష్టానికే వదిలేశారు నిర్వాహకులు. ప్రబంధాల మీదో పదకోశాల మీదో మాట్లాడతానని అనుకుని ఉంటారు. నేను ఎంచుకున్నది కంప్యూటర్‌లో మనం రోజూ వాడే చిన్నచిన్న ఉచిత ప్రోగ్రాముల సంగతి. రోమన్ అక్షరాలు కొడితే తెలుగు పడే కీబోర్డు, పాత ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు, పది ఫైళ్లను ఒక మూటగా కట్టే జిప్, స్కాన్ చేసిన పుటలు చూపించే బొమ్మల ప్రోగ్రాము. ఈ రెండు రోజుల సభలో చదవబోయే పత్రాల్లో వీటి చేయి తగలనిది ఉండదనుకుంటాను. మన పుస్తకాల ముందుమాటల్లో ముద్రాపకుడికి, ముఖచిత్రకారుడికి, వేళకు కాఫీ అందించిన ఇల్లాలికి కూడా కృతజ్ఞతలు ఉంటాయి. ఆ ప్రోగ్రాము రాసినవాడి పేరు మాత్రం ఉండదు. అది మర్యాదకు సంబంధించిన లోటే అయితే నేను ఇంతసేపు తీసుకోను. పనికే చేటు తెస్తున్న లోటు అది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అనే పత్రికా సంపాదకుడు పీసీ-టాక్ అనే ప్రోగ్రాము రాశాడు. టెలిఫోన్ తీగ మీద ఒక కంప్యూటర్‌ను మరో కంప్యూటర్‌తో కలిపేది అది. దాన్ని డబ్బాలో పెట్టి అమ్మలేదు. కాపీలు తీసి పంచుకోమన్నాడు, నచ్చినవాళ్లు పాతిక డాలర్లు పంపమన్నాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఐబీఎంలో పనిచేస్తున్న మరొకాయన, జిమ్ బటన్ అనే కలంపేరుతో, పీసీ-ఫైల్ అనే ప్రోగ్రామును ఇదే పద్ధతిలో వదిలాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లకూ కలంపేర్లు ఉంటాయన్నమాట.

1989లో ఫిల్ కాట్జ్ అనే ఆయన ఫైళ్లను మూటకట్టే పీకేజిప్ తెచ్చాడు. అది పూర్తిగా ఉచితం కాదు, వాడి చూసి డబ్బు కట్టే రకం. కానీ జిప్ ఫైలు లోపల ఏది ఎక్కడ ఉంటుందో వివరించే పత్రాన్ని ఆయన దాచుకోలేదు, లోకానికి విడిచిపెట్టాడు. 2000లో, 37 ఏళ్లకే పోయాడు. ఆయన పోయినా ఆ పత్రం పోలేదు. ఇవాళ మీరు వర్డ్‌లో దాచే డాక్ఎక్స్ ఫైలు, చదివే ఈపబ్ పుస్తకం, ఫోనులో వేసుకునే ఆండ్రాయిడ్ ఏపీకే, అన్నీ లోపల జిప్ మూటలే. నమ్మకం లేకపోతే ఇంటికి వెళ్లి ఒక డాక్ఎక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి. 1999లో రష్యాలో ఈగర్ పావ్లోవ్ సెవెన్-జిప్ విడుదల చేశాడు. ప్రోగ్రాము రాసిన అసలు పాఠాన్ని, అంటే దాని మూలాన్ని కూడా ఇచ్చాడు. ఇన్నేళ్లయినా ఆయనే దాన్ని చూసుకుంటున్నాడు. ఆస్ట్రియా నుంచి ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996 నుంచీ ఇర్ఫాన్‌వ్యూ అనే బొమ్మల ప్రోగ్రామును నడుపుతున్నాడు. దాని మూలం మనకు ఇవ్వలేదు గానీ, ఇంట్లో వాడుకునేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోడు. పారిస్ విద్యార్థులు తమ కళాశాల నెట్‌వర్క్ కోసం 1996లో మొదలుపెట్టిన పని వీఎల్‌సీ అనే వీడియో ప్రోగ్రాము అయింది. 2001లో దాని మూలాన్ని జీపీఎల్ అనే అనుమతి పత్రం కింద అందరికీ ఇచ్చారు.

ఇక మన సంగతి. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటుంది. ఆ దశకంలోనే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు రోమన్ అక్షరాల్లో తెలుగు రాసే పద్ధతిని స్థిరపరిచి, దాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రామును ఊరికే పంచారు. తర్వాత తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. విండోస్ తనంతట తాను తెలుగు చూపించడం 2001లో ఎక్స్‌పీతో గాని కుదరలేదు. కాని మన అచ్చు ప్రపంచం అంతదాకా ఆగలేదు కదా. పత్రికలు, పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు పుటలు కూర్చే పేజ్‌మేకర్‌లో, ఎవరి ఫాంట్లు వాళ్లవిగా తయారయ్యాయి. ఆ ఫాంట్లలో కంప్యూటర్‌కు తెలుగు తెలియదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు తునకలు కూర్చిపెట్టారు. ఫాంటు ఉన్న చోట సీసపద్యం, లేని చోట డాలర్లు, బ్రాకెట్లు, హ్యాష్‌లు.

ఈ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టరు రాయడం ఎంత పనో చాలామందికి తెలియదు. ఒక పట్టిక పెట్టుకుని, ఈ గుర్తుకు ఆ అక్షరం అని మార్చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ‘ప్రభ’ అనే మాట తీసుకోండి. క్రావడి ‘ప’కు ఎడమ పక్కన మొదలై కిందికి చుట్టుకుంటుంది. కాబట్టి ఆ ఫాంట్లలో ముందు క్రావడి, తర్వాత ‘ప’ ఉంటాయి. యూనికోడ్ ఉచ్చారణ వరసను పాటిస్తుంది: ముందు ప, తర్వాత పొల్లు, ఆ తర్వాత ర. ‘స్త్రీ’ అన్నప్పుడు ఆ క్రావడి సకారాన్నీ త వత్తునూ రెండింటినీ దాటుకుని వెళ్లి, గుడిదీర్ఘానికి ముందు ఆగాలి. కొన్ని ఫాంట్లలో ‘మ’కు సొంత ముద్రే లేదు. ‘వ’ రూపం పక్కన ఒక తునక తగిలిస్తే ‘మ’, మరో తునక తగిలిస్తే ‘వు’. డీటీపీ చేసినవారు కంటికి బాగుంటే చాలునని ఒక తునకకు బదులు ఇంకోటి వాడి ఉంటే, కాగితం మీద తప్పు కనబడదు. మార్చినప్పుడు బయటపడుతుంది.

కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య దాన్ని పెట్టాలి. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. చాలా కన్వర్టర్లు దీన్ని మరిచిపోతాయి. కొన్ని ఎడిటర్లు చెత్త అనుకుని తుడిచేస్తాయి. అకారాది వరస పెట్టే ప్రోగ్రాము రాసేవాడికి పూర్ణబిందువును ఎక్కడ ఉంచాలో కోశకారుడు చెప్పాలి. ఇవన్నీ ప్రోగ్రాము రాసే కుర్రవాడికి పుట్టుకతో తెలిసేవి కావు. ప్రూఫులు దిద్ది కళ్లు పోగొట్టుకున్నవాళ్లకు తెలుస్తాయి. అంటే ఈ సభలో కూర్చున్నవాళ్లకు. మనం ఇవ్వాల్సిన ఈ జ్ఞానాన్ని ఇవ్వకుండా, కన్వర్టరు తప్పులు చేస్తోందని విసుక్కోవడం నాకు న్యాయంగా తోచదు.

రాయడం ఒక ఎత్తు, విడుదల చేయడం ఇంకో ఎత్తు. పేజ్‌మేకర్ చివరి పెద్ద కూర్పు 2001 నాటి 7.0. దాన్ని నమ్ముకున్న డీటీపీ దుకాణాల్లో ఇంకా పాత విండోసే నడుస్తోంది. విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. మన ప్రోగ్రాము ఆ పాత యంత్రంలోనూ నడవాలి, నిన్న కొన్న ల్యాప్‌టాప్‌లోనూ నడవాలి. పైగా తెలుగు కీబోర్డు చేసే పని ఏమిటి? మీరు నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుని మార్చడం. సంకేతపదాలు దొంగిలించే ప్రోగ్రాము చేసేదీ అచ్చం అదే. అందుకే యాంటీవైరస్ ఒక్కోసారి నిక్షేపంలాంటి కీబోర్డును దొంగ కింద జమకట్టి ఎత్తుకుపోతుంది. ప్రచురణకర్త ఎవరో తెలియదంటూ విండోస్ ఎర్రజెండా చూపిస్తుంది. ఆ హెచ్చరిక రాకుండా ఉండాలంటే డిజిటల్ సంతకపు పత్రానికి ఏటా డబ్బు కట్టాలి. ఉచితంగా ఇస్తున్న మనిషి జేబులోంచే ఆ డబ్బు పోవాలి. సెవెన్-జిప్ అంతటిది కూడా ఆ సంతకం లేకుండానే తిరిగింది.

హెచ్చరికలు ఉత్తుత్తివని మాత్రం నేననను. 2015లో గింప్ అనే బొమ్మల ప్రోగ్రాము బృందం, తమ పేరుతో ఉన్న విండోస్ ఇన్‌స్టాలర్‌లో సోర్స్‌ఫోర్జ్ అనే పంపిణీ సైటు ప్రకటనల సరుకు కలిపి ఇస్తోందని బహిరంగంగా ఫిర్యాదు చేసింది. 2017లో సీక్లీనర్ అనే ప్రసిద్ధమైన శుభ్రపరిచే ప్రోగ్రామును తయారయ్యే చోటే ఎవరో కలుషితం చేశారు. 22 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి అది అధికారిక నవీకరణ రూపంలోనే చేరింది. కాబట్టి ఎవరో వాట్సాప్‌లో పంపిన ఇన్‌స్టాలర్‌ను నొక్కకండి. రాసినవారి సొంత చోటు నుంచే తెచ్చుకోండి.

ఇప్పుడు పొరుగు భాష వాళ్ల కథ ఒకటి చెబుతాను. ఈ ఉపన్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2003లో బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో మెహదీ హసన్ ఖాన్ అనే వైద్య విద్యార్థి అభ్రొ అనే బెంగాలీ కీబోర్డు రాశాడు. రోమన్ అక్షరాలు కొడితే యూనికోడ్ బెంగాలీ పడుతుంది. తొలి కూర్పుకు డాట్‌నెట్ అనే పెద్ద మూటను ముందుగా కంప్యూటర్‌లో వేసుకోవాల్సి వచ్చేది. సామాన్యుల యంత్రాలకు అది భారమని ప్రోగ్రామును వేరే భాషలో మళ్లీ రాశాడు. స్నేహితులు చేరారు. డబ్బు తీసుకోలేదు. తర్వాత విండోస్ కూర్పు మూలాన్ని కూడా తెరిచారు. ఆ దేశపు ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా, గుర్తింపు కార్డుల పనికి అభ్రొనే వాడుకుంది. 2010లో ఒక వాణిజ్య కీబోర్డు యజమానితో తగాదా వచ్చింది. దాన్ని పోలిన ఒక మీటల అమరికను అభ్రొలోంచి తీసేసి రాజీపడ్డారు. 2025లో ఆ దేశం మెహదీకి, ఆయన సహచరులు ముగ్గురికి ఏకుశే పదక్ ఇచ్చింది. భాషా ఉద్యమంలో ప్రాణాలిచ్చినవారి పేరున ఇచ్చే పురస్కారం అది. సాధారణంగా కవులకు, చిత్రకారులకు, విద్వాంసులకు దక్కేది. ఒక కీబోర్డు కూడా భాషాసేవేనని ఒక దేశం ప్రకటించిందన్నమాట. మన అవార్డుల జాబితాలు మీకు నాకన్నా బాగా తెలుసు. వ్యాఖ్యానించను.

ఇచ్చిన చేయి ఆగిపోతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. 2014 మేలో ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామును, డిస్కులోని సరుకును గుప్తంగా దాచేదాన్ని, పేరు చెప్పని దాని రచయితలు ఉన్నట్టుండి ఆపేశారు. మూలం అందుబాటులో ఉంది కనుక వెరాక్రిప్ట్ పేరుతో వేరేవాళ్లు అందుకున్నారు. మూలం లేని చిన్న కన్వర్టరు రచయిత ఉద్యోగం మారితే, జబ్బుపడితే, విసిగిపోతే దాన్ని అందుకోవడానికి ఏమీ మిగలదు. అయితే మూలం తెరిచి ఇచ్చినంత మాత్రాన పూచీ తీరిపోదు. ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనాన్ని లాసే కాలిన్ ఒక్కడే ఏళ్ల తరబడి మోశాడు. ఆలస్యం చేస్తున్నావంటూ కొత్త పేర్లతో ఎవరెవరో ఒత్తిడి చేశారు. అలసిన ఆ మనిషికి సాయంగా వచ్చినట్టు నటించిన ఒకడు, నమ్మకం సంపాదించుకుని, అందులో దొంగదారి పెట్టాడు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని తవ్వి చూడబట్టి అది బయటపడింది. లోకమంతా వాడే సరుకును ఒక్క మనిషి ఓపిక మీద వదిలేయడం ప్రమాదమని ఇంతకన్నా ఏం చెప్పాలి?

మన సాహిత్య చరిత్రలో కవి ఒక్కడే లేడు, పరిష్కర్త కూడా ఉన్నాడు. సి.పి. బ్రౌన్ రాతప్రతులు వెతికించి, పాఠాలు పోల్చి సరిచేయించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. దాన్ని మనం గుమాస్తా పని అనలేదు, విద్వత్కార్యమే అన్నాం. ప్రోగ్రామును కూర్పు వెంట కూర్పుగా సరిచేస్తూ, ఏ కూర్పులో ఏది మార్చాడో రాసిపెడుతూ నిలబెట్టేవాడు చేస్తున్నదీ పరిష్కరణే. దానికి ఆ హోదా ఇవ్వాలన్నదే నా వాదన. ఉచితం కదా, ఇచ్చిందే ఎక్కువ అని మనం, ఊరికే ఇచ్చాను కదా, ఇంకేం అడుగుతారు అని వాళ్లు అనుకున్నంత కాలం ఈ సాధనాలు పుడుతూ పోతూనే ఉంటాయి.

కనుక కొన్ని విన్నపాలు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, మూలంతో, వివరణ గ్రంథంతో విడుదల చేసిన భాషాసాధనాన్ని పరిశోధనగా లెక్కించాలి. పదోన్నతికి పనికొచ్చే జాబితాలో దానికి చోటివ్వాలి. సాహిత్య సంస్థలు సన్మాన శాలువాల ఖర్చులోంచి కొంత తీసి, ఒక్కో సంస్థ ఒక్కో సాధనాన్ని దత్తత తీసుకుని, దాని సంతకపు రుసుము కట్టాలి. ప్రచురణకర్తలు పాత పేజ్‌మేకర్ ఫైళ్లను పారేయకుండా, రచయితల అనుమతితో, కన్వర్టర్లను పరీక్షించడానికి ఇవ్వాలి. యువ మిత్రులారా, మీరు రాసింది చిన్నదైనా మూలంతో, స్పష్టమైన అనుమతి పత్రంతో విడుదల చేయండి. మీతో పాటు ఇంకొకరికైనా దాని తాళం తెలిసి ఉండాలి. వాడుకునే మనందరికీ ఒక్కటే మనవి. పని చేయడం లేదని కబురు చేసి ఊరుకోకండి. ఏ కూర్పు, ఏ విండోస్, ఏ మాట దగ్గర తప్పు వచ్చిందో రాసి, ఆ మాటను ఉన్నదున్నట్టు జతచేసి పంపండి. మీ తర్వాతి పుస్తకం ముందుమాటలో ఆ సాధనం పేరు, చేసినవారి పేరు రాయండి. ఈ సభ పత్రాల సంపుటం అచ్చుకు వెళ్లేముందు అందులో అలాంటి పుట ఒకటి చేర్చమని సంపాదకులను అధ్యక్షుడిగా కోరుతున్నాను.