రొట్టె చరిత్రలో పెనానికి దక్కని చోటు

ధాన్యాన్నో దుంపనో పిండి చేసి, నీటితో ముద్ద కలిపి, వేడి మీద పక్వం చేసిన ఆహారమంతా రొట్టే. ఇరాన్‌లో సంగక్‌ను కాలిన గులకరాళ్ల మీద పరుస్తారు. ఆర్మేనియాలో లవాష్‌ను మట్టి పొయ్యి లోపలి గోడకు అంటిస్తారు. చైనాలో మంతౌ ఆవిరి మీద ఉడుకుతుంది. జర్మనీలోని వెస్ట్‌ఫేలియాలో పంపర్‌నికెల్ అనే రై రొట్టె సన్నని వేడిలో 16 గంటలకు పైగా మగ్గుతుంది. పశ్చిమ ఫిన్లండ్‌లో రై రొట్టెకు నడుమ రంధ్రం పెట్టి, వాసానికి గుచ్చి ఇంటి కప్పు కింద ఆరబెట్టేవారు. కరీబియన్ దీవుల్లో చేదు కర్రపెండలాన్ని తురిమి, విషపు రసాన్ని పిండేసి కసాబే కాలుస్తారు. యూదుల మత్సాకు పిండిలో నీళ్లు పడ్డాక 18 నిమిషాల గడువే ఉంటుంది. ఇదంతా పుస్తకాల్లో దొరికేదే కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు.

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ ఆచార్యులు వృక్షశాస్త్రం బోధించారు. ఇంట్లో రాత్రి భోజనానికి జొన్న రొట్టె తప్ప మరొకటి అంగీకరించేవారు కాదు. అతిథులకు గోధుమ రొట్టె వడ్డించి, తాను మాత్రం జొన్న రొట్టే తినేవారు. ఉపన్యాసానికి పిలిచిన గౌరవం గొప్పదే. ఆయన స్మృతికి తగినది మాత్రం ఒక పాత వివాదాన్ని తేల్చడమే.

ఆ వివాదం ఇది. రొట్టె చరిత్రలు చాలావరకు మెట్ల వరుసను చూపుతాయి. మొదటి మెట్టు అంబలి, రెండోది పెనం మీది పలుచని రొట్టె, చివరిది పులిసి పొంగి పొయ్యిలో కాలిన గోధుమ రొట్టె. హెచ్.ఇ. జాకబ్ 1944లో వెలువరించిన ఆరువేల ఏళ్ల రొట్టె చరిత్ర ఈ దృష్టికి పెద్ద ఆధారం. పొంగిన ఈజిప్టు రొట్టె దగ్గరే ఆయన అసలు కథను మొదలుపెట్టాడు. నాజీ నిర్బంధ శిబిరాల్లో ఆకలి చూసి వచ్చిన మనిషి రాసిన గ్రంథమది, గౌరవించవలసిందే. వాదం మాత్రం నిలవదు.

ఈశాన్య జోర్డాన్‌లోని షుబైఖా తవ్వకాల్లో సుమారు 14,400 ఏళ్ల నాటి మాడిన రొట్టె ముక్కలు బయటపడ్డాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు. అవి అడవి గోధుమ జాతి గింజలతో, నీటి తుంగ దుంపలతో చేసినవి. సేద్యం పుట్టడానికి అప్పటికి ఇంకా దాదాపు నాలుగు వేల ఏళ్లుంది. పాతది కనుకే అది కింది మెట్టని ఎదురువాదం రావచ్చు. కానీ అడవి గింజను ఏరి, పొట్టు తీసి, విసిరి, దుంప పిండితో కలిపి కాల్చడానికి పట్టే శ్రమను చూసినవారు దాన్ని తెలివిలేని పని అనలేరు.

పులిసిన రొట్టె ఎత్తుగా పొంగడం ప్రధానంగా గోధుమ లక్షణం. గోధుమలోని గ్లయాడిన్, గ్లుటెనిన్ అనే ప్రోటీన్లు నీటితో కలిసి సాగే వలగా ఏర్పడి గాలిని పట్టి ఉంచుతాయి. జొన్నలో, మొక్కజొన్నలో, ఇథియోపియాలో పండే టెఫ్ అనే చిరుధాన్యంలో ఆ వల లేదు. టెఫ్‌తో చేసే ఇంజెరా అనే రొట్టె సంగతి చూస్తే మెట్ల వరుసే కూలుతుంది. టెఫ్ పిండిని జారుగా కలిపి, పాత పిండి మీద తేలిన నీటిని తోడు వేసి రెండు మూడు రోజులు పులియబెట్టి, మిటాడ్ అనే వెడల్పాటి పెనం మీద పోస్తారు. ఒకవైపే కాలుతుంది, పైభాగమంతా కన్నాలు పడుతుంది. పులిసిందీ పలుచనిదీ అయిన ఆ రొట్టెను ఏ మెట్టు మీద పెట్టాలి?

మొక్కజొన్న చెప్పే పాఠం మరీ కఠినమైనది. మెక్సికోలో టోర్టియాకు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి, రాతి మీద నూరి, కోమల్ అనే పెనం మీద కాలుస్తారు. సున్నం వల్ల గింజలో బందీగా ఉన్న నియాసిన్ శరీరానికి అందుతుంది. యూరప్ గింజను తీసుకెళ్లింది, సున్నాన్ని వదిలేసింది. 1735లో స్పెయిన్‌లోని అస్తూరియస్‌లో గాస్పర్ కసాల్ నియాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా రోగ లక్షణాలను గుర్తించాడు. తర్వాత ఉత్తర ఇటలీలో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది పేదల రోగమైంది. అంటురోగమనీ, చెడిన గింజ వల్ల వచ్చేదనీ వాదించినవారికి 1915లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీ ఖైదీల ఆహారం మార్చి సమాధానమిచ్చాడు. 1937లో ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లాన్ని, అంటే నియాసిన్‌ను, మందుగా చూపాడు. 1974లో కాట్జ్, ఆయన సహచరులు సైన్స్ పత్రికలో అమెరికా ఖండపు ఆదివాసి సమాజాలను పోల్చారు. మొక్కజొన్న మీద బాగా ఆధారపడినవారే సున్నాన్నో బూడిదనో వాడేవారని తేల్చారు. ఇంత రసాయన జ్ఞానం ఇమిడిన రొట్టెను నాగరికతకు ముందటి దశ అనడం అన్యాయం.

దక్కనులో ఇదే ప్రశ్న జొన్న మీద లేచింది. జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించగా, హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాల నుంచి సి. గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్‌లో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడమే కారణమని ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతాన్ని తర్వాత అందరూ ఒప్పుకోలేదు. గోపాలన్ కృషి విలువ దానివల్ల తగ్గదు. కానీ గింజను మాత్రమే తూచి, పక్కన పప్పు, ఆకుకూర ఉన్నాయా లేవా అని చూడకుండా జొన్నను దోషిగా నిలబెట్టే వ్యాఖ్యానాలు సరికావు.

జొన్న రొట్టె చేతి విద్య. పిండి తాజాగా విసిరింది కావాలి, నిలవ పిండి విరుగుతుంది. ఉడుకు నీళ్లు పోస్తే గంజి స్వభావం వచ్చి ముద్ద కూడుకుంటుంది. ఆ వేడిలోనే పిసికి, పీట మీద అరచేత్తో తిప్పుతూ తట్టాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డ అద్ది, తిరగేసి, నిప్పుల మీద పొంగించాలి. 1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పేదల ఆకలి తీర్చింది. అదే సమయంలో చాలా ఇళ్లలో జొన్నను పక్కకు నెట్టింది. జొన్న విసరని ఇంట్లో ఈ విద్య తర్వాతి తరానికి అందదు.

అందుకే తెలంగాణ, రాయలసీమల్లో రొట్టె తట్టే పద్ధతులను ఊరూరా నమోదు చేసే పని ఇప్పుడు మొదలైంది. జొన్న రకం, నీటి వేడి, పెనం మట్టిదా ఇనుపదా, తట్టే చేతి కదలిక, రొట్టె నిలవుండే రోజులు, ఇవన్నీ అందులో చేరుతున్నాయి. ఇంట్లో ఇంకా రొట్టె తట్టే పెద్దలున్నవారు వారి పనిని వారి మాటల్లోనే, ఊరి పేరుతో సహా రాసి ఉంచాలి. ఆ పని వారు ఉండగానే జరగాలి.