లెక్కలో లేని కార్ఖానా
(జిల్లా కేంద్రంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేడు మేము మీ ముందుంచదలచిన విషయం వినడానికి కొంత పొడిగా ఉంటుంది. దేశంలో పరిశ్రమల ఉత్పత్తి ఎంత, కార్ఖానాలలో పనిచేసేవారు ఎందరు, వ్యాపారం పెరిగిందా తగ్గిందా అన్నది ప్రభుత్వం ఏ విధంగా కొలుస్తుందన్నదే ఆ విషయం. రిజర్వేషన్ల గురించో వక్ఫ్ భూముల గురించో మాట్లాడవలసిన వేదిక మీద ఈ గణాంకాల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. ఆ రెండింటి విషయంలోనూ వాదన నిలబడవలసింది చివరకు అంకెల మీదనే. ఉద్యోగ జీవితమంతా రిజిస్టర్లలో గడులు నింపిన వాళ్లం గనుక గడి విలువ ఏమిటో మాకు తెలుసు.

ప్రతి నెలా పత్రికలలో పారిశ్రామికోత్పత్తి ఇంత శాతం పెరిగిందనో తగ్గిందనో ఒక వార్త వస్తుంది. అది ఐఐపీ అనే సూచీ. కేంద్ర గణాంక శాఖ దానిని 2025 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా 28వ తేదీన విడుదల చేస్తున్నది. ఒక సంవత్సరపు ఉత్పత్తిని 100గా తీసుకొని, ఈ నెల ఉత్పత్తి దానితో పోలిస్తే ఎంత ఉన్నదో చెప్పడమే సూచీ పని. చాలా ఏళ్ల పాటు 2011-12ను ఆ ఆధార సంవత్సరంగా ఉంచారు. అన్ని వస్తువులకూ ఒకే తూకం ఉండదు. ఉక్కు ఉత్పత్తి పదో వంతు పెరగడమూ, అగ్గిపెట్టెల ఉత్పత్తి పదో వంతు పెరగడమూ దేశానికి సమానం కావు గదా. ఆ శ్రేణిలో మొత్తం 100 పాళ్లలో వస్తు తయారీకి 77.63, గనులకు 14.37, విద్యుత్తుకు 7.99 పాళ్లు కేటాయించారు. తయారీ సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? ముందుగా ఎంపిక చేసిన కార్ఖానాలు నెలనెలా పంపే వివరాల నుంచి. లాడ్ బజారు వెనుక సందులో బొగ్గుల కుంపటి దగ్గర లక్క కరిగించే మనిషిని ఈ నెల ఎన్ని జతల గాజులు చేశావని ఆ సూచీ కోసం ఎవరూ అడగరు.

పీఎంఐ అనే మరొక సూచీ ఉన్నది. అది ప్రైవేటు సంస్థ చేసే సర్వే. కంపెనీలలో సరుకు కొనుగోలు చూసే అధికారులను ఆర్డర్లు పెరిగాయా, తగ్గాయా, అలాగే ఉన్నాయా అని అడుగుతారు. సూచీ 50కి పైన ఉంటే వ్యాపారం విస్తరిస్తున్నట్లు, కింద ఉంటే కుంచించుకుపోతున్నట్లు. త్వరగా వచ్చే అంకె గనుక షేర్ మార్కెట్టుకు ఉపయోగం. పెళ్లిళ్ల కాలంలో మగ్గం పనికి ఆర్డర్లు రాలేదన్న సంగతి అందులో వినబడదు గనుక దానిని ఇక్కడితో వదిలేద్దాం.

అసలు విషయం పరిశ్రమల వార్షిక సర్వే దగ్గర మొదలవుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఒక గీత గీసింది. విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది పనివారుంటే అది ఫ్యాక్టరీ. ఈ సర్వే ప్రధానంగా ఆ గీతకు ఇవతల ఉన్న నమోదైన ఫ్యాక్టరీలనే లెక్కిస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక భద్రతా స్మృతి అదే గీతను 20కి, 40కి జరిపింది. గీత జరిగితే మనిషి చేసే పని మారదు. అతనికి వర్తించే చట్టం మారుతుంది, అతనిని వెదకవలసిన జాబితా మారుతుంది.

2022-23లో ఈ వార్షిక సర్వే ప్రకారం ఫ్యాక్టరీలలో పనిచేసినవారు సుమారు 1.85 కోట్లు. దాదాపు అదే కాలంలో నమోదు కాని చిన్న సంస్థల మీద జరిగిన మరో సర్వేలో తేలినవారు 10.96 కోట్లు. ఆ మరుసటి ఏడాది, అంటే 2023-24లో, వారి సంఖ్య 12.06 కోట్లకు చేరింది, సంస్థలు 7.34 కోట్లు. ఈ రెండో లెక్కలో తయారీతోపాటు చిల్లర వర్తకమూ సేవలూ కలిసి ఉన్నాయి గనుక రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చరాదు. అయినా దేశపు శ్రమలో ఎంత భాగం ఫ్యాక్టరీ గేటు బయట ఉన్నదో దీనివల్ల తెలుస్తుంది. మన కుటుంబాలలో అధికభాగం ఆ బయటనే ఉన్నాయి. పాతబస్తీలో జర్దోజీ, మగ్గం పని, లక్క గాజులు, నిజామాబాదు ప్రాంతంలో బీడీలు, ఏలూరులో తివాచీలు, ప్రతి పట్టణంలో దర్జీలు, వెల్డింగు షెడ్లు, మోటారు మెకానిక్కులు.

నమోదు కాని ఆ సంస్థల సర్వేకు వచ్చేవారు వాకిట్లో నిలబడి ప్రశ్నలడుగుతారు. ఇంటి మనిషి చెప్పిన జవాబే వారి పత్రంలోకి ఎక్కుతుంది. మన లెక్క తప్పిపోయే చోటు సరిగ్గా ఇదే.

అసంఘటిత కార్మికుల నమోదు పత్రాలు నింపడానికి మేము కొందరం కలిసి బస్తీలలో ఇల్లిల్లూ తిరిగిన రోజులలో ఒక ఇంట్లో చూసినది చెబుతాం. గడప లోపల ఒక తల్లి, ఇద్దరు కూతుళ్లు పళ్లెం ముందు కూర్చొని గాజులకు రాళ్లు అద్దుతున్నారు. ఏం పని చేస్తారమ్మా అని అడిగితే, "ఏ పనీ లేదు భాయ్‌జాన్, ఇంట్లోనే ఉంటాం" అన్నది ఆ తల్లి, చేయి ఆపకుండా. ఇంటి యజమాని లోపలి నుంచి వచ్చి, మా ఇంటి ఆడవాళ్లు పని చేయరు, రాసుకోండి అని కాస్త గట్టిగానే చెప్పాడు. ఆ పళ్లెం ఎవరిదని అడిగితే, "అదా, ఖాళీ సమయంలో" అన్నాడు. ఆ ఖాళీ సమయం పొద్దున్న పది నుంచి అస్ర్ నమాజు దాకా ఉంటుందని ఆ తరువాత మాటల్లో తెలిసింది.

ఇది ఒక్క ఇంటి మాట కాదు. శ్రామిక శక్తి సర్వేలో మనుషులకు సంకేత సంఖ్యలు వేస్తారు. ఇంటిపని మాత్రమే చేసేవారికి 92. ఇంటిపనితోపాటు సొంత వాడకానికి కుట్టుపని వంటివి చేసుకునేవారికి 93. ఈ రెండు గడులలో పడిన స్త్రీ కార్మిక శక్తిలో లేనట్లే లెక్క. కాని అదే సర్వేలో మరొక నిబంధన ఉన్నది. సంవత్సరంలో ఎక్కువ కాలం ఇంటిపనే చేసినా, 30 రోజులు లేక అంతకు మించి సంపాదన కోసం ఏ పని చేసినా ఆమెను అనుబంధ హోదాలో కార్మికురాలిగానే రాయాలి. రాళ్లు అద్దినా, బీడీలు చుట్టినా, అంగడికి అమ్మడానికి పచ్చళ్లు పెట్టినా అంతే. సేఠ్ సరుకు ఇచ్చి తీసుకుపోయే పని అయినా అది పనే. పర్దాకూ ఈ జవాబుకూ విరోధం లేదు. ఇంట్లో కూర్చొని హలాలుగా సంపాదించిన రూపాయిని దాచడంలో ఏ గౌరవం ఉన్నదో మాకు అర్థం కాదు.

రెండో అడ్డంకి భయం. దీనిని ఎగతాళి చేయడం మాకు ఇష్టం లేదు, ఎందుకంటే అది ఊరకే పుట్టలేదు. 2020 మొదట్లో ఏడవ ఆర్థిక గణన జరుగుతున్నప్పుడు, దుకాణాల లెక్కకు వచ్చినవారిని పౌరసత్వ జాబితా కోసం వచ్చారని అనుమానించిన సంఘటనలు దేశంలో కొన్ని చోట్ల జరిగాయి. రాజస్థాన్‌లోని కోటాలో అలా చిక్కుకున్న గణకురాలు ముస్లిం స్త్రీయే. కనుక తేడా తెలుసుకోవాలి. వచ్చినవారిని గుర్తింపు కార్డు చూపమనండి, సర్వే పేరు అడగండి, ఆ పేరు రాసుకోండి. గణాంకాల సేకరణ చట్టం, 2008 కింద ఇచ్చిన సమాచారాన్ని గణాంకాలకు తప్ప మరో పనికి వాడరాదు. సంస్థల సర్వేలలో పుట్టిన చోటుకు రుజువు అడగరు. అడిగితే మాత్రం అది సర్వే కాదని గ్రహించి పదిమందిని పిలవండి.

తలుపు వేసుకుంటే నష్టం ఎవరికి? 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లింల స్థితిగతులను దేశం ముందుంచగలిగింది. ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వర్తకంలో ఉన్నారనీ, దేశ సగటు 8 శాతం లోపేననీ ఆ కమిటీ చెప్పింది. ఆ కమిటీ చేతిలో ఉన్నవి ప్రధానంగా జాతీయ నమూనా సర్వే, 2001 జనగణన అంకెలు. అంటే ఎవరో ఒక దర్జీ, ఎవరో ఒక తోపుడుబండి మనిషి వాకిట్లో నిలబడి ఇచ్చిన జవాబులు. తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో ఇచ్చిన నివేదిక కూడా అంకెల మీదనే నిలిచింది. సచార్ కమిటీ జాతీయ సమాచార నిధిని కోరింది కూడా ఇందుకే.

ప్రభుత్వం వైపు తప్పు లేదని మేము అనడం లేదు. 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణనలో ఒక్కరి యాజమాన్యంలోని సంస్థల యజమాని సామాజిక వర్గం, మతం నమోదు చేశారు. అందువల్ల చిన్న వ్యాపారాలలో మన వాటా ఎంతో చూసుకునే వీలు కలిగింది. దాని తరువాత 2019లో మొదలైన ఏడవ గణనకు ప్రజల సొమ్ము ఖర్చయింది, గణకులు తిరిగారు, దెబ్బలూ తిన్నారు; అయినా ఫలితాలను ప్రజల ముందు పెట్టలేదు. ప్రకటించని లెక్క మీద చర్చ జరగదు. ఆ ఫలితాలను విడుదల చేయాలని కోరుతూ కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖకు పంపవలసిన వినతిపత్రం సిద్ధం చేశాం. అందులో ఇంటి వద్ద పనిచేసే స్త్రీలను వేరుగా చూపే పట్టికలు జిల్లాల వారీగా ఇవ్వాలని కూడా కోరాం.

2027 జనగణనలో కూడా పని గురించిన ప్రశ్న ఉంటుంది. అందుకు ముందుగానే ప్రతి బస్తీలో ఇద్దరు చదువుకున్న అమ్మాయిలు వీటి గురించి తల్లులకు చెప్పగలిగితే చాలు. మగవాళ్లు వెళ్లి చెబితే ఏం జరుగుతుందో పైన చెప్పాం. పత్రాలలో ఉండే ప్రశ్నలను మామూలు మాటలలో రాసి, తెలుగులోనూ ఉర్దూలోనూ నాలుగు పేజీలు అచ్చు వేయించాం. ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి. వినతిపత్రం కూడా అక్కడే ఉన్నది. సంతకం పెట్టేటప్పుడు పేరు పక్కన 'వృత్తి' అనే గడి ఉంటుంది, సోదరీమణులు దానిని ఖాళీగా వదలవద్దు.