ఒక్క పేరులో ఇమడని మనిషి



నేను సామాజిక మనస్తత్వశాస్త్రం చదువుకుని, అదే పాఠంగా చెబుతున్నవాణ్ణి. ఒంటరిగా ఉన్నప్పుడు న్యాయంగా ఆలోచించే మనిషి, ‘మనవాళ్లు’ అనగానే ఎందుకు మారిపోతాడు? ఈ ప్రశ్నకు జీవితమంతా వెచ్చించిన ఒకాయన గురించి ముందుగా చెబుతాను.

హెన్రీ తాజ్‌ఫెల్ 1919లో పోలండ్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. చదువుకోసం ఫ్రాన్స్ వెళ్లి, యుద్ధం రాగానే ఫ్రెంచి సైన్యంలో చేరి, 1940లో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీల శిబిరంలో తాను యూదుణ్ణన్న సంగతి దాచలేదు. పోలండ్ వాణ్ణన్న సంగతి మాత్రం పొక్కనివ్వలేదు. ఫ్రెంచి యూదుడనుకుంటే ప్రాణం దక్కుతుంది, పోలండ్ యూదుడని తేలితే చావు తప్పదు. కాపలావాళ్లతో ఎంత స్నేహంగా మెలిగినా ఆ లెక్క మారదు. యుద్ధం ముగిసి బయటికొచ్చేసరికి ఆయన కుటుంబంలో చాలామంది హతమైపోయారు.

తర్వాత ఆయన బ్రిటన్ చేరి, బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. పాత పగలు, ఆస్తి తగాదాలు, మతభేదాలు ఏవీ లేకపోయినా మనుషులు మనవాళ్లనీ పరాయివాళ్లనీ తేడా చూపిస్తారా అన్నది ఆయన పరీక్షించదలచుకున్న విషయం. 14, 15 ఏళ్ల బడిపిల్లల్ని పిలిచి క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించారు. ఎవరికి ఎవరి బొమ్మలు నచ్చాయో దాన్నిబట్టి రెండు జట్లు చేశామన్నారు. నిజానికి చీటీలు తీసినట్టు ఎలాపడితే అలా విడదీశారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఇద్దరు పిల్లలకు పాయింట్లు పంచమన్నారు. ఆ పాయింట్లకు డబ్బులొస్తాయి. పంచేవాడికి తన పంపకంలో ఏమీ రాదు. పాయింట్లు అందుకునేవాళ్ల పేర్లు కూడా తెలియవు, ఏ జట్టో మాత్రమే తెలుసు.

పంపకానికి ఇచ్చిన పట్టికల్లో ఒకటి ఇలా ఉంటుంది. ఒక చివర మన జట్టువాడికి 19, అవతలివాడికి 25. మధ్యలో ఇద్దరికీ చెరి 13. ఇంకో చివర మనవాడికి 7, అవతలివాడికి 1. మనవాడి మేలే కావాలంటే 19 ఇవ్వాలి, న్యాయం కావాలంటే 13 ఇవ్వాలి. పిల్లల ఎంపికలు ఎక్కువగా మనవాడికి 12, అవతలివాడికి 11 అన్నదాని చుట్టూ తిరిగాయి. ఒక్క పాయింటు పైచేయి కోసం మనవాడికి రావలసిన 7 పాయింట్లు వదులుకున్నారన్నమాట! 1970లో ఈ ఫలితాలు అచ్చయ్యాక మా శాస్త్రం దారే మారింది. మనమీద మనకుండే గౌరవంలో కొంత మన జట్టునుంచే తెచ్చుకుంటామని, అందుకే దాన్ని పై మెట్టున నిలబెట్టాలని తపిస్తామని ఆ తర్వాత తాజ్‌ఫెల్ వివరించాడు.

ఇప్పుడు మన సంగతి. కొత్త మనిషి పరిచయమైతే ముందు ఇంటిపేరు అడుగుతాం, అది తేలకపోతే ఊరు, అదీ తేలకపోతే బంధువుల పేర్లు. ఆ అన్వేషణ దేనికోసమో అడిగేవాళ్లకూ తెలుసు, చెప్పేవాళ్లకూ తెలుసు. కార్తీకమాసం రాగానే ఏ కులానికి ఆ కులం విడిగా వనభోజనాలు పెట్టుకుంటుంది.

తోడు కోరుకోవడం తప్పని నేననను. పల్లెనుంచి నగరానికొచ్చిన కుర్రాడికి గది చూపించేది, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది చాలాసార్లు ఆ ‘మనవాళ్లే’. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఏ పేరు చెప్పి తరతరాలుగా అవమానించారో, ఆ పేరుతోనే కూడగట్టుకుని హక్కులు సాధించుకున్నవాళ్లున్నారు. ‘కులం వదిలెయ్యండి’ అని వాళ్లకు నీతి చెప్పే అర్హత ఎవరికీ లేదు. కులంవల్ల లాభపడినవాళ్లు ముందు ఆ లాభం వదులుకోవాలి.

చిక్కల్లా ఆ ఒక్క పేరే మిగతా పేర్లన్నిటినీ మింగేసినప్పుడు వస్తుంది. ఒకే మనిషి ఒకరికి తండ్రి, ఒకరికి మేస్త్రీ, ఒకరికి పొలం గట్టు పక్క రైతు, ఒకరికి నాటకంలో తోటి నటుడు. ఇన్ని బంధాలున్న మనిషిని ఒక్క పేరుకు కుదించి చూస్తే అతనిమీద చెయ్యెత్తడం సులువైపోతుంది. మనల్ని మనం అలా కుదించుకుంటే, మనవాళ్లు చేసిన తప్పును తప్పనడానికి నోరు రాదు.

మరి విరుగుడేమిటి? 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రజ్ఞుడు వేసవి శిబిరంలో పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి పోటీలు పెట్టాడు. అవి జెండాలు కాల్చుకునేదాకా వెళ్లాయి. అందర్నీ కలిపి భోజనాలకు కూర్చోబెడితే మెతుకులు విసురుకున్నారు. తాగునీళ్లు ఆగిపోయినప్పుడు మాత్రం కారణమేమిటో కలిసి వెతికారు. తిండి తేవాల్సిన లారీ కదలకపోతే, తాడులాట ఆడుకున్న తాడే లారీకి కట్టి రెండు జట్లూ ఒకే వైపు లాగాయి. అలాంటి పనులు ఒకటికి నాలుగు జరిగాక పగ చల్లారింది. ఒక్క పూట సహపంక్తి భోజనంతో సరిపోదు, ఒకరు లేకుండా ఇంకొకరికి గడవని పని కావాలి.

మన పట్టణంలో అలాంటి పనులకు కొదవ లేదు. పూడుకుపోయిన కాలవ ఉంది, పాడుబడుతున్న గ్రంథాలయం ఉంది, టీచర్లు చాలని బడి ఉంది. వాటికి కమిటీలు వేసేటప్పుడు ఇంటిపేర్లు చూడకుండా వెయ్యండి. ఈ కార్తీకంలో భోజనాలు వీధికంతటికీ పెట్టండి. మీవాళ్లు తప్పుచేసిన రోజున, అది తప్పని ముందుగా మీరే అనండి. ఆ మాట అనగలిగినవాడు తనవాళ్లను వదులుకున్నట్టు కాదు, తనను తాను నిలుపుకున్నట్టు.