'పెద్దలకు మాత్రమే' అన్న మాట ఏం చెప్పదు?

(స్త్రీల సహాయ కేంద్రాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'టీవీలో హింస'. చాలా పెద్ద అంశం. దాని మీద గంటసేపు మాట్లాడినా గాలిలో మాట్లాడినట్టే ఉంటుంది. అందుకని ఒకే ఒక్క సీరియల్ తీసుకుంటాను. మీలో చాలామంది చూసే ఉంటారు, 'ఢిల్లీ క్రైమ్'. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీలో నడుస్తున్న బస్సులో ఫిజియోథెరపీ చదువుతున్న యువతి మీద జరిగిన సామూహిక అత్యాచారం దానికి ఆధారం. రిచీ మెహతా దర్శకుడు. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. 2020లో ఉత్తమ డ్రామా సీరియల్‌గా అంతర్జాతీయ ఎమ్మీ అవార్డు వచ్చింది. మన దేశానికి ఆ విభాగంలో అదే మొదటిసారి.

దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కాలేజీల్లో, శిక్షణా శిబిరాల్లో చర్చ కోసం ఏదైనా చూపించాలనుకున్నప్పుడు మనవాళ్ళ చెయ్యి ముందు దీనిమీదికే పోతోంది. నేనూ చూపించాను. తప్పు చేశాను. ముందు ఆ సంగతి చెప్తాను.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో బస్తీ కార్యకర్తల శిబిరం ఒకటి జరిగింది. ఇరవై మంది దాకా ఉన్నారు, అందరికీ హిందీ బాగా అర్థమవుతుంది. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు దగ్గర్నుంచి వైద్య పరీక్ష దాకా ఏమేం జరుగుతుందో చర్చించడానికి ఈ సీరియల్ మొదటి భాగం పెట్టాను. పెట్టేముందు, "భయపడాల్సిందేం లేదు, అత్యాచారాన్ని తెరమీద చూపించరు" అని ధైర్యంగా ప్రకటించాను. అది నిజమే. చూపించరు. ఆసుపత్రిలో డాక్టరు పోలీసు అధికారిణికి ఆ అమ్మాయి గాయాల గురించి ఒక్కొక్కటిగా చెప్పే దృశ్యం వచ్చింది. వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఫోన్ వచ్చిందేమో అనుకున్నాను. అయిపోయాక చూస్తే ఆవరణలో కుళాయి దగ్గర కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, "చూపించరన్నారు కదా మేడమ్, మరి చెప్పారుగా" అంది. అంతే. నేనేమీ అడగలేదు, ఆమె ఇంకేమీ చెప్పలేదు.

సోషియాలజీలో డాక్టరేట్ చేసి, స్త్రీల మీద హింస గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ, ఈ చిన్న విషయం నాకు తట్టలేదు. కన్ను మూసుకోవచ్చు, చెవి మూసుకోలేం. ఆ సీరియల్ తీసినవాళ్ళు అత్యాచారాన్ని చూపించకపోవడం మంచి నిర్ణయమని నేను ఇప్పటికీ నమ్ముతాను. మన సినిమాల్లో దశాబ్దాల పాటు రేప్ సీనంటే ప్రేక్షకుడికి వేసిన ఎర. చిరిగిన చీర, కెమెరా కోణం, ఆపైన హీరో రాక. దాంతో పోలిస్తే ఇది ఎంతో గౌరవంగా ఉంది. కానీ కంటికి తప్పించిన హింసనంతా మాటల్లో పెట్టారు. అందులోకెల్లా కష్టమైనది ప్రధాన నిందితుడి ఒప్పుకోలు. పోలీసుల ముందు కూర్చుని, చేసింది చేసినట్టు, పశ్చాత్తాపం లేకుండా చెప్తాడు. నాకు రెండోసారి చూడబుద్ధి కాలేదు. చర్చ కోసం చూశాను.

అందుకని, 'చూడొచ్చా?' అని అడిగేవాళ్ళకి నేనిప్పుడు వివరంగా చెప్తున్నాను. మొదటి సీజన్లో మొదటి భాగంలోనే రాత్రిపూట రోడ్డు పక్కన వివస్త్రలుగా పడి ఉన్న యువతీ యువకులు కనిపిస్తారు. ఆసుపత్రి దృశ్యాలు చాలా ఉన్నాయి. గాయాల వర్ణన ఒకటికి రెండుసార్లు వస్తుంది. పోలీసులు నిందితుల మీద చేయి చేసుకుంటారు. బూతులు ధారాళం. 2022లో వచ్చిన రెండో సీజన్లో ఇళ్ళలో ఒంటరిగా ఉండే వృద్ధుల హత్యలు, రక్తపు మడుగులు. 2025 నవంబర్‌లో వచ్చిన మూడో సీజన్ ఆడపిల్లల అక్రమ రవాణా మీద. అందులో తీవ్రంగా గాయపడిన పసిపాప ఉంది. చిన్నపిల్లల తల్లులు, పిల్లల కేసుల్లో పనిచేసే మీవంటివాళ్ళు ఒంటరిగా, రాత్రిపూట చూడకపోవడం మేలు. పిల్లలతో కలిసి చూసేది కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా తెరమీద ముందే వేస్తారు కదా అంటారు. వేస్తారు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి వేదికలు ప్రతి కార్యక్రమాన్నీ వయసు ప్రకారం వర్గీకరించాలి. అందరికీ, ఏడేళ్ళు దాటినవారికి, పదమూడు దాటినవారికి, పదహారు దాటినవారికి, పెద్దలకు మాత్రమే అని అయిదు తరగతులు. హింస ఉందో, బూతులున్నాయో రెండు ముక్కల్లో చెప్పాలి. పదమూడు దాటినవారి తరగతి నుంచి తల్లిదండ్రులు తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలి. మంచిదే. కానీ ఈ పద్ధతి ఎవర్ని మనసులో పెట్టుకుని తయారైందో గమనించండి. పసిమనసుని, ఆ పసిమనసుని కాపాడే తండ్రినీ. నలభై ఏళ్ళ స్త్రీకి ఏ తాళమూ అక్కర్లేదని దాని లెక్క. ఆమె 'పెద్దది' గనక ఏదైనా చూడగలదు. కుళాయి దగ్గర కూర్చున్నామె కూడా పెద్దదే. ఆమెకు కావలసింది తాళం కాదు, సమాచారం. ఏం వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలిస్తే ఉండాలో లేవాలో ఆమే తేల్చుకుంటుంది.

జాగ్రత్తగా చూసేవాళ్ళని మనలోనే కొందరు చులకన చేస్తున్నారు. 'మరీ సుకుమారం', 'వాస్తవాన్ని ఎదుర్కోలేరు' అంటారు. వాస్తవాన్ని ఇంట్లో రోజూ ఎదుర్కొంటున్న మనిషికి తెరమీద మళ్ళీ ఎదుర్కోవాల్సిన బాధ్యత ఎవరు పెట్టారు? అలాగని సెన్సారు కత్తెర పట్టుకుని తిరిగే సంస్కృతీ రక్షకుల పక్కన నిలబడమనీ నేను అనడం లేదు. వాళ్ళ బాధ స్త్రీ శరీరం కనిపించిందని. మన బాధ వేరు.

ఇక ఏ హెచ్చరికలోనూ రాయని సంగతి ఒకటుంది. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

మొదటి సీజన్ ఏడు భాగాలూ పోలీసుల వైపు నుంచి నడుస్తాయి. డీసీపీ వర్తికగా షెఫాలీ షా అద్భుతంగా చేసింది. నిద్ర లేదు, ఇంట్లో కూతురితో గొడవ, స్టేషన్‌లో కరెంటు లేదు, డబ్బుల్లేవు. అయినా ఆరుగురినీ కొద్దిరోజుల్లో పట్టుకుంటారు. చూస్తున్నంతసేపూ మనం వాళ్ళ పక్షమే. వీధుల్లో నినాదాలిచ్చే జనం పనికి అడ్డొచ్చే గుంపులా కనిపిస్తారు. ఆ గుంపులో మనవాళ్ళున్నారు! ఆ జనం కదిలినందుకే జస్టిస్ వర్మ కమిటీ వచ్చింది. నెలరోజులు తిరక్కుండానే, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే చట్టం మారింది. కథ నిందితులు దొరకడంతో ముగుస్తుంది కాబట్టి ఇవన్నీ అందులో ఉండవు. మన కేంద్రాలకి వచ్చే స్త్రీ కష్టాలు సరిగ్గా అక్కడే మొదలవుతాయి. వాయిదాలు, రాజీ ఒత్తిళ్ళు, సాక్షులు తిరగబడడం. జాతీయ నేర రికార్డుల ప్రకారం విచారణ పూర్తయిన అత్యాచార కేసుల్లో ఇటీవలి సంవత్సరాల్లో శిక్ష పడినవి నూటికి ముప్పైలోపే.

హైదరాబాద్‌లో కూర్చుని పోలీసు కథ చూసేవాళ్ళకి రమీజాబీ గుర్తు రావాలి. నేను పుట్టకముందు మాట, 1978. నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఆమెపై పోలీసులు అత్యాచారం చేశారు, భర్తను కొట్టి చంపారు. నగరం అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పేనని తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారింది. 1981లో అందరూ విడుదలయ్యారు. మధ్యలో ఆమె నడవడిక మీద వాదించినంత, పోలీసుల నడవడిక మీద వాదించలేదు. మన ఉద్యమం చాలా మట్టుకు ఆ కోపంలోంచే పుట్టింది. ఆ కథకి పోలీసు నాయిక లేదు గనక సీరియల్ కాదు.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి హత్యాచారం జరిగింది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్‌కర్ కమిషన్ 2022లో అది కట్టుకథ అని చెప్పి, పదిమంది పోలీసుల మీద కేసు పెట్టమంది. పూలు చల్లినవాళ్ళలో మన కేంద్రాలకు వచ్చే స్త్రీలూ ఉన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టలేను, కోర్టులు వాళ్ళకేం చేశాయో నాకు తెలుసు. కానీ 'మంచి పోలీసు చాలు' అనే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించాలి. ఒక్క సీరియల్ వల్ల వచ్చిందనను. ఈ సీరియల్ ఎన్‌కౌంటర్‌ని సమర్థించదు కూడా. రెండో సీజన్లో, 1871 నాటి చట్టం నేరస్థ జాతులని ముద్ర వేసిన సంచార జాతులవాళ్ళని పోలీసులు మూకుమ్మడిగా పట్టుకురావడం ఎంత అన్యాయమో చూపించారు. అది నాకు నచ్చింది. మొదటి సీజన్లో లేని ఆత్మవిమర్శ అందులో కొంత ఉంది.

ఇంకొక్క మాట. ఇలాంటి కథలు చూసిన అమ్మాయిలు బస్సుకి భయపడతారు. ఇంట్లోవాళ్ళు కాలేజీ మాన్పిస్తారు. నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని అవే ప్రభుత్వ రికార్డులు ఏటా చెప్తున్నాయి. ఆ బాబాయి, ఆ ట్యూషన్ మాస్టారు, ఆ పెళ్ళాడతానన్నవాడు క్రైమ్ సీరియల్‌కి పనికిరారు, వెంటాడి పట్టుకోవాల్సిన పని లేదు గనక. చర్చ పెట్టేటప్పుడు ఈ సంగతి మనమే కలపాలి.

ఆ శిబిరం తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. చూపించబోయే భాగాన్ని ముందు నేను ఒక్కదాన్నే చూస్తాను. ఏ దృశ్యం ఎన్నో నిమిషంలో వస్తుందో కాగితం మీద రాసుకుంటాను. మొదలుపెట్టే ముందు దాన్ని గట్టిగా చదువుతాను. ఎవరు లేచి వెళ్ళినా ఎందుకని అడగం. కొన్ని దృశ్యాలు అసలు వదిలేస్తాను. నిందితుడి ఒప్పుకోలు చూడకుండా పోలీసు దర్యాప్తు మీద చర్చ ఎక్కడా ఆగిపోలేదు.

ఆమె తర్వాత కూడా శిబిరాలకి వచ్చింది. ఒకసారి నేను కాగితం చదువుతుంటే మధ్యలో ఆపి, "ఆసుపత్రిది ఎన్ని నిమిషాలుంటుంది మేడమ్?" అని అడిగింది. నా కాగితంలో ఎక్కడ మొదలవుతుందో ఉంది, ఎంతసేపుంటుందో లేదు. అప్పట్నుంచి అదీ రాస్తున్నాను.

భోజనాల తర్వాత మనం రెండో సీజన్లోంచి ఇరవై నిమిషాలు చూస్తాం. సంచార జాతులవాళ్ళని స్టేషన్‌కి తెచ్చే ఘట్టం. కొట్టడం ఉంది, తిట్లు ఉన్నాయి, ఒక శవం కనిపిస్తుంది. లైంగిక హింస లేదు. ఏది ఎప్పుడో, ఎంతసేపో రాసిన కాగితం తలుపు పక్కన అంటించాం, ఒకసారి చదువుకోండి. బయట కూర్చోవాలనుకునేవాళ్ళకి వరండాలో చాపలు వేశారు, మిత్రులు ఇద్దరు అక్కడ ఉంటారు.