ఏకగ్రీవమైనా పోటీ అయినా మన ఓటెక్కడ?

(ఒంటిమిట్టలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2025 ఆగస్టు 12న ఇక్కడా, పులివెందులలోనూ జడ్పీటీసీ ఉప ఎన్నికలు జరిగాయి. ఆకేపాటి అమర్‌నాథ్‌రెడ్డి శాసనసభకు వెళ్ళడంతో ఒంటిమిట్ట స్థానం ఖాళీ అయింది. మిగిలిన పదవీకాలం ఏడాది పైచిలుకే. అయినా తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ రెండూ దీన్ని పరువు సమస్య చేసుకున్నాయి. బయటివాళ్ళొచ్చి ఓట్లు గుద్దారని ప్రతిపక్షం, ఓటమి భయంతో నిందలేస్తున్నారని అధికారపక్షం. పులివెందులలో రెండు కేంద్రాల్లో రీపోలింగ్ జరిగింది. రెండు స్థానాల్లోనూ తెలుగుదేశమే 6 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచింది.

నన్ను కలవరపెట్టేది ఈ గెలుపోటములు కాదు. 2021లో పులివెందుల స్థానం ఏకగ్రీవం. పెద్దమనుషులు తేల్చేస్తే ఆడదాని ఓటుతో పనే లేదు. పోటీ వస్తే గుంపులను, లాఠీలను దాటుకుని వెళ్ళాలి. "నీకెందుకీ గొడవ" అని ఇంట్లోవాళ్ళే ఆపుతారు. పులివెందులలో గెలిచిన లతారెడ్డిని కూడా పత్రికలు ఎక్కువగా బీటెక్ రవి భార్యగానే పరిచయం చేశాయి.

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మనవని చట్టం చెబుతోంది. భయం లేకుండా పోలింగ్ కేంద్రం దాకా నడవలేకపోతే ఆ సగానికి అర్థమేమిటి? ఈసారి వీధికి పదిమందిమి కలిసి వెళ్దాం. ఎవరిని ఆపినా అక్కడే ఫిర్యాదు రాసిద్దాం.